అంగుళం అక్షరాలు

తోటకు వెళ్ళి, ఎవరి పళ్ళు వారే కోసుకుని, తూకం వేయించి, డబ్బులిచ్చి ఇంటికి తెచ్చుకోవడం అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఏనాడో ఒక ఆనవాయితీ అయిపోయింది. వసంతంలో స్ట్రాబెర్రీలు, దసరాకు అటూఇటూగా ఆపిళ్ళు, ఆపైన గుమ్మడికాయలు. పండగకు పేరంటానికి వెళ్ళినట్టు పట్టుచీరలతో వెళ్ళేవారినీ చూశాను. ఆ తోటల అందాన్ని గురించి ఇదివరకే చాలామంది చక్కగా రాశారు. నేను రాయదలచుకున్నది ఆ తోటల గేటు దగ్గర నిలబడి ఉండే ఒక పలకను గురించి. ఫొటోలలో అది ఎప్పుడూ పడదు. పడకుండా పక్కకు జరిగి మరీ తీసుకుంటాము.

2019 అక్టోబరులో అమ్మానాన్నలు మా దగ్గరకు వచ్చినప్పుడు అందరమూ హెండర్సన్‌విల్ వైపు బయలుదేరాము. మేముండే రాలీ నుంచి నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. నార్త్ కెరొలైనాలో ఆపిళ్ళంటే హెండర్సన్ కౌంటీయే. నాన్నగారికి నూజివీడు దగ్గర నాలుగెకరాల మామిడితోట ఉన్నది. పరాయిదేశపు తోట చూడాలన్న ఉబలాటం ఆరేళ్ళ మనవడి కన్నా ఆయనకే ఎక్కువ.

గేటు పక్కన తెల్లటి పలక, దాని మీద నల్లటి పెద్ద అక్షరాలు.

"ఏమిట్రా అది, ధరల పట్టికా?" అన్నారు.

"కాదు నాన్నగారూ, హెచ్చరిక" అని, చదివి తెలుగులో చెప్పాను. వ్యవసాయ పర్యాటకంలో సహజంగా ఉండే ప్రమాదాల వల్ల ఇక్కడ ఎవరికైనా గాయమైనా, ప్రాణం పోయినా ఈ రాష్ట్ర చట్టం ప్రకారం ఎవరికీ బాధ్యత ఉండదు. నేల వల్ల, యంత్రాల వల్ల, జంతువుల వల్ల కలిగే ప్రమాదాలూ, మీ అజాగ్రత్త వల్ల మీరు తెచ్చుకునే ప్రమాదమూ అందులోకే వస్తాయి. ఆ ప్రమాదాన్ని మీ నెత్తిన వేసుకునే మీరు లోపలికి వస్తున్నారు. స్థూలంగా ఇదీ సారాంశం.

నాన్నగారు శ్రద్ధగా విన్నారు. "బాగానే ఉంది. ఇంతకీ ఎక్కడ చూసుకుని నడవమంటాడు?"

"అది రాయలేదు."

"మరి హెచ్చరిక అన్నావు?"

నేను నవ్వి ఊరుకున్నాను. పల్లెటూరి చాదస్తం అనుకున్నాననే నిజం ఒప్పుకోవాలి.

తోట బాగుంది. చెట్లన్నీ పొట్టివి, పిల్లలకు సైతం కొమ్మలు అందుతాయి. పైకొమ్మల కోసం కొసన చిన్న బుట్ట కట్టిన గెడలు పెట్టారు. "మన చిక్కమే కదరా! వల బదులు ఇనపబుట్ట తగిలించాడు" అని నాన్నగారు మురిసిపోయారు. వాలు మీద మూడో వరుస చివర రాలిన పళ్ళు గడ్డిలో పడి మురుగుతున్నాయి. మావాడు ఒక ఎర్రటి పండు కోసం అటు పరుగెత్తాడు. ఆ గడ్డిలో నేలబొరియ ఒకటి ఉన్నది. దాని నిండా కందిరీగలు. ఇక్కడివాళ్ళు ఎల్లో జాకెట్లంటారు, పసుపు నలుపు చారలవి. మన ఇళ్ళ చూరుకు పట్టే కందిరీగల్లాగా కాక ఇవి ఎక్కువగా నేలలోనే గూడు కడతాయి. వేసవి చివరికి, ఆకురాలు కాలానికి వాటి సంతతి బాగా పెరిగి ఉంటుంది. తీపి కోసం మురిగిన పళ్ళను మూగుతాయి. అనగా సరిగ్గా మనం పళ్ళు కోసుకోవడానికి పోయే కాలమూ, అవి కోపంగా ఉండే కాలమూ ఒకటే.

వాడిని ఎత్తుకుని పరుగెత్తేలోగా ఏడుచోట్ల కుట్టాయి. పది నిమిషాలలో పెదవి వాచింది, ఊపిరిలో పిల్లికూతలు మొదలయ్యాయి. పళ్ళు తూచే బల్ల దగ్గర పదిహేడేళ్ళ కుర్రవాడొకడు ఉన్నాడు. వాడు మమ్మల్ని చూసి తెల్లబోయి, "అయ్యో, మూడో వరుసేనా? దాన్ని మొన్ననే చూశాము, ఈ రాత్రి మందు కొడదామనుకున్నాము" అన్నాడు. దాచుకోవడం తెలియని వయసు. వాడే ఆసుపత్రికి దారి చెప్పి, ముందు తన బండిలో బయలుదేరి మమ్మల్ని అక్కడిదాకా చేర్చాడు.

పిల్లవాడు కోలుకున్నాడు. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో నాన్నగారు ఒకే ఒక్క మాట అన్నారు. "ఒక కర్ర పాతి ఎర్రగుడ్డ కడితే సరిపోయేది గదరా."

ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది. ఆ పలక వెనుక ఏముందో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను.

ఆ పలకలోని మాటలు రైతు రాసినవి కావు, శాసనసభ రాసినవి. 2005లో నార్త్ కెరొలైనా చేసిన చట్టం ఒకటి, ఎవరి పంట వారు కోసుకోవడంతో సహా వ్యవసాయ పర్యాటకం మొత్తానికి ఈ రక్షణ కల్పించింది. ఏ మాటలు రాయాలో చట్టమే చెబుతుంది. అక్షరాలు నల్లగా ఉండాలనీ, ఒక్కొక్కటి కనీసం అంగుళం ఎత్తు ఉండాలనీ చెబుతుంది. పలక పెట్టకపోతే ఆ రక్షణ వర్తించదు. ఇటువంటిదే కాన్సస్ 2004లో చేసింది. వర్జీనియా 2006లో, టెక్సస్ 2015లో, ఒహాయో 2016లో, న్యూయార్క్ 2017లో, పెన్సిల్వేనియా 2021లో చేశాయి. వివరాలలో తేడాలున్నా వీటి ఉద్దేశం ఒకటే.

దీనిలో రైతు పక్షాన న్యాయం లేదని నేననను. నేనూ రైతుబిడ్డనే. పంటనంతా టోకు వర్తకుడికి పోస్తే గిట్టుబాటు కాని చిన్న రైతుకు, సందర్శకులు వచ్చి కోసుకుపోయే పళ్ళే ఆధారం. ఒక్క దావా పడితే తోటే పోవచ్చు. నేల ఎగుడుదిగుడుగా ఉంటుందని, చెట్టుకు కొమ్మ ఉంటుందని, మేక పొడుస్తుందని తెలియనట్టు నటించి డబ్బు అడిగేవారూ లోకంలో లేకపోలేదు. పొలం పొలంలాగానే ఉంటుంది. దాన్ని సిమెంటు చేసి గొడుగు పట్టమని ఎవరూ అడగరాదు.

పైగా చట్టం రైతుకు సర్వహక్కులూ రాసివ్వలేదు కూడా. నిర్లక్ష్యంగా ప్రవర్తించినా, ఫలానాచోట ప్రమాదకరమైన స్థితి ఉన్నదని తెలిసి, లేదా తెలిసి ఉండవలసి, దాన్ని సందర్శకులకు చెప్పకపోయినా రక్షణ ఉండదని నార్త్ కెరొలైనా చట్టంలోనే ఉన్నది. నాన్నగారు గేటు దగ్గర అడిగిన ప్రశ్న ఆ చట్టం లోపలి పేజీలో ఉన్నదని తెలిసినప్పుడు నాకు సిగ్గేసింది. కానీ ఆ లోపలి పేజీ పలక మీదకు రాలేదు. పలక చదివినవాడికి మిగిలే అర్థం ఒకటే: ఏం జరిగినా నీదే పూచీ. రైతుకు మిగిలే అర్థమూ అదే: పలక పెట్టాను, నా పని అయిపోయింది.

నా ఫిర్యాదంతా ఇక్కడే. ఆ పలక ఎవరికి చెబుతున్నట్టు? ప్రతి తోటలోనూ అవే మాటలు. కొండవాలు మీది తోటకూ, చదునునేల మీది తోటకూ, మేకలున్న చోటుకూ, లేని చోటుకూ ఒకే పాఠం. ఈ వేళ, ఈ తోటలో, ఈ వరుసలో ఏముందో అందులో ఉండే అవకాశమే లేదు. రేపు ఎప్పుడైనా కోర్టులో న్యాయవాది చదవడానికి రాసిన మాటలవి. వాటిని హెచ్చరిక అని పిలవడంతో అసలు హెచ్చరిక చోటు ఖాళీగా ఉండిపోయింది.

తేడా ఎలా ఉంటుందో చూడటానికి దూరం పోనక్కరలేదు. 2004లో రాలీలో జరిగిన రాష్ట్ర వ్యవసాయ ప్రదర్శనలో, పిల్లలు మేకలను, గొర్రెలను నిమిరే ఆవరణ నుంచి ఈ.కొలై సోకి వందమందికి పైగా జబ్బుపడ్డారు. వారిలో ఎక్కువమంది పిల్లలు. కొందరికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఆ తల్లిదండ్రుల పోరాటం వల్ల 2005లో, అదే శాసనసభ, అదే ఏడాది మరొక చట్టం చేసింది. వ్యవసాయ ప్రదర్శనలలో జంతువులను తాకనిచ్చేవారు అనుమతి తీసుకోవాలి, చేతులు కడుక్కునే ఏర్పాటు ఉండాలి, ఎందుకు కడుక్కోవాలో జనానికి తెలియజేయాలి. ఒకే ఏట పుట్టిన రెండు చట్టాలు. మొదటిది, నీకు ఏమైనా అయితే మాకు సంబంధం లేదని చెప్పించింది. రెండవది, నీకు ఏమీ కాకుండా ఉండాలంటే ఇక్కడ చేతులు కడుక్కో అని చెప్పించి, కుళాయి కూడా పెట్టించింది. అయితే ఆ రెండవ చట్టం ప్రదర్శనలకే గాని, పళ్ళతోటలో మూలన కట్టిన రెండు మేకలకు వర్తించదు. అక్కడ కుళాయి పెట్టడం ఆ రైతు మంచితనం మీద ఆధారపడి ఉంటుంది. నేను చూసినంతలో చాలామంది పెడుతున్నారు, అది వేరే మాట.

పండు మీద కూడా చెప్పదగిన ముక్క ఒకటుంది. 2011లో ఆరెగన్‌లో ఒక పొలం స్ట్రాబెర్రీల వల్ల ఈ.కొలై సోకి ప్రాణనష్టం కూడా జరిగింది. పొలంలోకి వచ్చిపోయే జింకల పేడ దానికి మూలమని తేలింది. మనమేమో చెట్టు మీద పండు దేవుడి ప్రసాదమంటూ, తుడవకుండా పిల్లల నోట్లో పెడతాము. "ఇక్కడ జింకలు తిరుగుతాయి, కడిగి తినండి" అన్న నాలుగు మాటలకు ఖర్చెంత? "సహజ ప్రమాదాలు" అన్న రెండు మాటలలో ఆ జింక కనిపిస్తుందా?

ఇది కొత్త ప్రశ్న కాదు. నూరేళ్ళ కిందట గ్లాస్గో నగరంలో ఏడేళ్ళ పిల్లవాడొకడు నగరపాలక సంస్థవారి ఉద్యానంలో నేరేడుపళ్ళలాగా నిగనిగలాడే పళ్ళు కోసుకు తిన్నాడు. అవి బెల్లడోనా పళ్ళు. పిల్లవాడు చనిపోయాడు. చెట్టుకు సరైన కంచె లేదు, విషమని చెప్పే బోర్డూ లేదు. ఆ తండ్రి వేసిన దావా 1920ల తొలినాళ్ళలో ప్రభువుల సభ దాకా వెళ్ళింది. పిల్లలను ఆకర్షించే ప్రమాదాన్ని పిల్లలు తిరిగే చోట పెట్టి, అది ప్రమాదమని తెలిసి కూడా ఊరుకుంటే బాధ్యత ఉంటుందని, దావా విచారణకు తగినదేనని సభ తేల్చింది. తరువాత ఇంగ్లండులో 1957లో వచ్చిన చట్టం దీన్ని ఇంకా తేటగా చెప్పింది: హెచ్చరించినంత మాత్రాన చాలదు, ఆ హెచ్చరిక వల్ల సందర్శకుడు సహేతుకమైన భద్రతతో ఉండగలగాలి. పిల్లలకు పెద్దలంత జాగ్రత్త ఉండదని ముందే ఊహించుకోవాలి. హెచ్చరికకు ఇంతకన్నా మంచి నిర్వచనం నాకు కనబడలేదు.

మా రాష్ట్రంలోనూ ఏడేళ్ళలోపు పిల్లలకు నిర్లక్ష్యాన్ని అంటగట్టడానికి వీలులేదన్నది పాత న్యాయసూత్రం. అదే పెద్దవారి విషయంలో ఇక్కడి నియమం కఠినం. గాయపడినవారి తప్పు ఏ కొంచెం ఉన్నా మొత్తం పరిహారం పోయే పద్ధతి ఇంకా మిగిలిన నాలుగు రాష్ట్రాలలో ఇదొకటి. పలక మీద "మీ అజాగ్రత్త" అని రాయించడం వెనుక ఆ బరువు ఉన్నది. దారిన పోయే మనకు అది తెలియదు.

ఇక రెండవ వైపు. నెల తిరిగేసరికి ఆరోగ్యబీమావారి నుంచి ఒక పత్రం వచ్చింది. ప్రమాదం ఎక్కడ జరిగింది, ఎలా జరిగింది, దీనికి మరొకరు బాధ్యులా? అమెరికాలో జనం ఊరికే దావాలు వేస్తారని మనం నవ్వుకుంటాము గాని, తరచు ఆ దావాకు బీజం ఇటువంటి పత్రంలో ఉంటుంది. ఆసుపత్రి ఖర్చు ఎవరో ఒకరు మోయాలి. బీమా సంస్థ తన వాటా మరొకరి మీద వేయాలని చూస్తుంది. నేను చోటు రాశాను, కందిరీగలని రాశాను. మూడో గడి దగ్గర కలం ఆగిపోయింది. కుర్రవాడన్న మాట రాస్తే ఆ చట్టం లోపలి పేజీ తెరుచుకుంటుంది. ఆ ముసలి రైతు మరునాడు ఫోన్ చేసి పిల్లవాడు ఎలా ఉన్నాడని అడిగిన సంగతి ఆ గడిలో పట్టదు. ముందు బండి నడిపి దారి చూపిన కుర్రవాడి మొహమూ పట్టదు. చివరకు ఆ గడి ఖాళీగా వదిలి పంపాను.

అది సత్యమో, సత్యాన్ని దాచడమో నాకు ఇప్పటికీ తేలలేదు. బీమావారు మళ్ళీ అడగలేదు. మా వంతు కట్టవలసింది కట్టాము. మాకు శక్తి ఉన్నది గనక ఆ ఉదారత్వం చెల్లింది. కందిరీగ కుట్టింది అమ్మనయితే? వచ్చిపోయే తల్లిదండ్రులకు మనం కొనే బీమాలు చాలావరకు ఇంతవరకే ఇస్తామని గిరిగీసుకున్నవే. అప్పుడు నేను ఆ గడిని ఖాళీగా వదిలేవాడినా? వదలనేమో. పలక చూపించి నువ్వే ఒప్పుకున్నావు అంటే, ఇంగ్లీషు అక్షరం రాని మా అమ్మ ఏమి ఒప్పుకున్నట్టు?

ఇక్కడ మన తప్పు కూడా చెప్పుకోవాలి. కొమ్మలెక్కవద్దని రాసిన చోటే పిల్లలను కొమ్మ మీద కూర్చోబెట్టి ఫొటో తీసేది మనమే. ట్రాక్టరు బండి కదులుతుండగా లేచి నిలబడేదీ మనమే. 2014 అక్టోబరులో మెయిన్ రాష్ట్రంలో ఒక పొలంలో గడ్డి పరిచిన బండి పల్లంలో అదుపుతప్పి పదిహేడేళ్ళ అమ్మాయి చనిపోయింది, ఇంకా ఎందరో గాయపడ్డారు. అందులో ప్రయాణికుల తప్పేమీ లేదు. కానీ ఆ బండ్లు ఆటవస్తువులు కావని గుర్తుంచుకోవడానికి ఆ ఒక్కటి చాలు. గేటు దగ్గర ఇంగ్లీషు పలక ఉంటే దాన్ని ఇంట్లో పెద్దవాళ్ళకు తెలుగులో చెప్పవలసిన బాధ్యత కొడుకులది, కూతుళ్ళది, కోడళ్ళది, అల్లుళ్ళది. నేను సారాంశం చెప్పి నవ్వి ఊరుకున్నాను. ఇక్కడ ఎక్కడ జాగ్రత్తగా ఉండాలని ఆ కుర్రవాణ్ణి అడిగి ఉంటే వాడు చెప్పేవాడు. వాడు చెప్పకుండా ఉండగలిగే రకం కాదు. నేనడగలేదు.

కనక నేను కోరేది పలకలు పీకేయమని కాదు. అంగుళం అక్షరాలు అలాగే ఉండనీయండి, రైతుకు ఆ నీడ అవసరం. కానీ ఆ నీడకు ప్రతిగా ఆ రోజు సంగతి చెప్పే ఒక నల్లబల్ల కూడా ఉండాలని చట్టం అడగాలి. సుద్దముక్కతో రాసే బల్ల. "మూడో వరుస మూసివేయబడింది, కందిరీగలు." "నిన్న వాన, వాలు మీద జారుతుంది." "మందు కొట్టాము, ఫలానా రోజు దాకా ఆ వైపు వెళ్ళవద్దు." పొలంలో పనిచేసే కూలీల కోసం పురుగుమందు కొట్టిన చోట్ల చేయెత్తి ఆపే మనిషి బొమ్మతో ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ బోర్డులు పెట్టించే నియమాలు ఈ దేశంలో ఎప్పటినుంచో ఉన్నాయి. కూలీకి చెప్పడం తెలిసిన పొలానికి అతిథికి చెప్పడం అసాధ్యం కాదు. న్యూయార్క్ చట్టం ఈ దారిలో కొంత ముందుకు వెళ్ళింది. రక్షణ కావాలంటే పనివాళ్ళకు శిక్షణ ఇవ్వాలి, దారులు చూపే గుర్తులు పెట్టాలి, ప్రమాదం తలచుకుని వెనక్కు తగ్గేవారికి డబ్బు తిరిగి ఇస్తామని ముందే తెలియజేయాలి అన్నది. రక్షణ ఊరికే రాదు, చాకిరీ చేసి సంపాదించుకోవాలన్న ఆ పద్ధతి నాకు సబబుగా తోస్తుంది.

మన వైపూ ఈ గాలి వీస్తున్నది. లంబసింగి చుట్టుపక్కల స్ట్రాబెర్రీ తోటలకు చలికాలంలో జనం బండ్లు కట్టుకుని వెళ్ళి పళ్ళు కోసుకుంటున్నారు. రేపు మామిడితోటల దాకా వస్తుంది. అప్పుడు మనం ఇక్కడినుంచి ఏమి ఎగుమతి చేస్తామన్నది నా భయం. "యాజమాన్యం బాధ్యత వహించదు" అన్న ముక్క మనకు ఇప్పటికే బాగా వచ్చు. చెప్పుల స్టాండు నుంచి సైకిలు స్టాండు దాకా రాసుకున్నాము. దాని కన్నా ముందు నుంచీ మనకు తెలిసిన పద్ధతి మరొకటి ఉన్నది.

మా తోటకు ఎవరైనా వస్తే నాన్నగారు గేటు దగ్గరే నిలబడి చెబుతారు. ఆ మూల నేలబావి ఉంది, పిల్లల్ని పంపకండి. మోటారు పెట్టె మీద చెయ్యి వేయకండి. కాయ తుంచగానే సొన చిమ్ముతుంది, మొహం పక్కకు పెట్టుకోండి. ఆ మూడో చెట్టుకు ఎర్రచీమలున్నాయి. ఇంత చెప్పి, ఆపైన వెంట నడుస్తారు. ఎవరికైనా దెబ్బ తగిలితే తన బాధ్యత ఎంతని ఆయన ఎన్నడూ లెక్క వేయలేదు. వచ్చినవాళ్ళు క్షేమంగా తిరిగిపోవాలన్నదే లెక్క.

మొన్న ఫోనులో మాట్లాడుతూ, ఈ సారి కాయలెలా ఉన్నాయని అడిగాను. కాపు బాగానే ఉందట. పడమటి గట్టు మీద కందిరీగలు పట్టాయట.

"కర్ర పాతారా నాన్నగారూ?"

"చూసిన రోజే పాతాను. మీ అమ్మ పాత ఎర్రచీర చెంగు."